డబ్బాలో వచ్చిన కేబుల్

మొన దగ్గర తోలు లేచిన నల్ల కేబుల్‌ని కౌంటర్ మీద పెట్టి, చిరిగిన చోటు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడతను.

“అన్నా, గేమ్ కన్సోల్‌ని మానిటర్‌కి కలపాలి. ఉన్నవాటిలో మంచి కేబుల్ ఇవ్వు.”

“ఇప్పుడేమవుతోంది?” అన్నాడు దుకాణదారు.

“ఆట మధ్యలో తెర నల్లబడిపోతోంది. మా అక్కావాళ్లింట్లో.”

“ఇది పాతకాలంది తమ్ముడూ. కొత్త కన్సోల్ పంపే బొమ్మని మోయలేదు. కన్సోల్ డబ్బాలో వచ్చిన కేబులేదీ? దాన్ని మించింది నా దగ్గర లేదు.”

“అది... మా ఇంట్లో ఉంది.”

“మీ ఇంట్లో ఎందుకుంది?”

“అక్కకి కన్సోల్ బిగించింది నేనే. కొత్త కేబుల్ నా టీవీకి బాగుంటుందని తీసేసుకుని, నా పాతది అక్కడ పెట్టాను.”

“సరే, మళ్లీ మార్చెయ్. పోయేదేముంది?”

అతను కేబుల్ కొసను వేలికి చుట్టుకున్నాడు.

“నిన్న అక్కని నానా మాటలూ అన్నానన్నా. లక్షణంగా ఉన్నదాన్ని పాడుచేశావని, బావగారి ముందే.”

“ఆవిడేమంది?”

“ఏదో తప్పు బటన్ నొక్కుంటాన్రా, ఏమనుకోకు, ఇక ముట్టుకోనులే అంది.”

దుకాణదారు పాత కేబుల్‌ని అతని వైపు జరిపాడు.

“అందుకే అన్నా, డబ్బాలోదానిలాంటిదే ఇంకోటివ్వు. కొనుక్కొచ్చానని చెప్తాను. అదే తీసుకెళ్తే, ఇన్నాళ్లూ ఎక్కడుందిరా అని అడుగుతుంది.”

“అడగదు తమ్ముడూ,” అన్నాడు దుకాణదారు. “అలా తప్పు తన మీదే వేసుకున్న మనిషి అడగదు.”