తిరుమలమ్మ దేవుడు

ఎవురూ, తిరుమలమ్మనా? ఆయమ్మ పేరు నీకెవురు సెప్పిరి లోహితా? ఓ, మీ చర్చి బెంచీ మింద రాసుండాదా. సరే, కూర్సో పాపా, నీ జాకెట్టుకి ఇంగా ఉక్సులు కుట్టాల. ఆ పేరుకే ఒక కత ఉండాదిలే. కిరస్తానం మడిసికి ఆ పేరేంది, మార్సుకోమని అప్పటి చర్చి అయ్యగారు సెప్తే, 'మాయమ్మ పెట్టిన పేరయ్యా, దేవునికి తెలీకుంటే నేను సెప్పుకుంటాలే' అనిందంట. అట్లాంటి మడిసి. మన పాకాలలో ఇంగా చిన్న లైను బండ్లు తిరిగే కాలం అది. మొగుడు ఎల్లప్ప రైల్వేలో గ్యాంగుమేను, చిన్న వయసులోనే సచ్చిపొయినాడు. ఈయమ్మ ఇస్కూల్లో కసువూడ్సే పని సేస్తా, ఉండే ఒక్క కూతురు ప్రసన్నకుమారిని సదివిస్తా ఉండె. ఆదివారం ఆదివారం చర్చికి పొయ్యేది గానీ, అది... ఏమంటాం, పొయ్యేవాళ్ళు కాబట్టి పొయ్యేది. నోరు పాట పాడతా ఉంటే మనసు ఇంట్లో కూరకేముందా అని ఎతుకుతాంటుందని ఆయమ్మే నాతో సెప్పింది.

ఆ బిడ్డకి పదోతరగతి పరీచ్చల ముందర కామెర్లొచ్చినాయి. మునికృష్ణ అని ఒకాయప్ప ఉండేవాడు, పసరు మునికృష్ణ అనేవాళ్ళం, కామెర్లకి ఆకు నూరి పసరు పోసేవాడు. మంచోడే, ఉన్నమాట సెప్పాల. 'పది దినాలు పత్తెం ఉంచక్కా, అదే పోతాది' అనినాడు. ఈయమ్మ నమ్మింది. చర్చిలో ప్రార్థన పెట్టించింది, మాయింటామెతో కొండకి ముడుపు కట్టించింది, ఎవురేం సెప్తే అది సేసింది. పన్నెండో దినం బిడ్డకి తెలివి తప్పింది. చిత్తూరు ఆసుపత్రికి ఎత్తుకోని పోతే, ముందే తేవాల్సిందమ్మా అనినారు. ఇంగ రెండు దినాలు, అంతే.

మట్టి సేసినంక నేరుగా మునికృష్ణ వాకిట్లోకి పొయ్యి దుమ్మెత్తి పోసింది. నీ ఇంట్లో కూడా ఇట్లే జరగాల అనింది. ఊరంతా ఇనింది. ఆయప్ప తలొంచుకోనుండాడు. మర్నాడు అయ్యగారొచ్చి, దేవుని సిత్తమమ్మా, ఏడవకూడదు అని ఏదో సెప్పబోయినాడు. పాపం ఆయన మాత్రం ఏం సేస్తాడు. మీరు పోండయ్యా అనేసింది. ఇంగ చర్చి తట్టు పోలే.

ఏడాది అయినంక అనుకుంటా, మద్దేనం నేను మిసను కాడ కునుకు తీస్తాండా. ఆయమ్మ వచ్చి బైబిలు బల్ల మింద పెట్టింది. 'మునసామన్నా, ఇది సదువు. నలపై ఏండ్లుగా వాళ్ళూ వీళ్ళూ సెప్పిందే ఇన్నాను. దీంట్లో ఏముండాదో నాకు తెలియాల' అనింది. నా మొకం సూడు, ఈ నామం సూడు. నేనేందమ్మా, అయ్యగారు లేడా అంటే, ఆయన మద్దిమద్దిలో సెప్పడం మొదులుపెడతాడు, నువ్వైతే ఉన్నది ఉన్నట్టు సదువుతావు అనింది. సరే, సదివినాను. దినానికి ఒక అరగంట. ఆయమ్మ అనపకాయలు ఒలస్తా ఇనేది. ఒకసారి, సచ్చిపోయిన ఎవురి బిడ్డనో, పన్నెండేండ్ల పిల్లని, వాళ్ళ దేవుడు బతికించినాడని వచ్చె. నేను సదవడం ఆపేసినాను. 'వాళ్ళ బిడ్డని లేపినాడు. సరే, ముందుకి పోన్నా' అనింది.

అట్ల పోతాపోతా ఒక దినం, ఆ దేవుని సావాసగాడు ఒకడు సచ్చిపోయినాడని వచ్చె. వాణ్ణి లేపేకని సమాది కాడికి పొయ్యి ఆయన ఏడుస్తాడు. నేను నా పాటికి సదువుకుంటా పోతాండా. బల్ల మింద సెయ్యి పెట్టి ఆపింది.

'ఏడ్సినాడా?'

ఏడ్సినాడనే ఉండాదమ్మా అన్నాను.

'లేపేకి వచ్చినోడు గదా. లేస్తాడని తెలిసీ ఏడ్సినాడా?'

మళ్ళ సదివినాను. 'నన్ను అందురూ ఏడవద్దనిరన్నా. ఆయన ఏడ్సినాడు' అనింది. అంతవరకు ఆ బిడ్డ కోసం ఆయమ్మ కంట నీళ్ళు ఎవురూ సూడలేదు పాపా, తిట్టడమే గానీ. ఆ పొద్దు ఏడ్సింది. నేను తలుపు దగ్గరగా ఏసి బయట నిలబడుకున్నాను.

ఆ ఆదివారం చర్చికి పొయ్యింది. దాని తర్వాత మడిసే ఏరే. కసువూడుస్తా గొణుక్కుంటా ఉండేది. ఎవురితోనమ్మా అంటే, ఆయనతోనే, నాకింగా కోపం పోలేదని సెప్తాండా అనేది. బిడ్డని ఎందుకు తీసకపోయినావని దినామూ అడిగేదంట. జవాబు సెప్పినాడా అంటే, 'లేదన్నా. సెప్పకపోయినా పక్కన కూర్సోనుంటాడు' అనింది. నేను కొండకి పొయ్యేవాణ్ణే, ఇప్పుడూ పోతాను. ఒక్కసారి కూడా నన్ను చర్చికి రమ్మనలే ఆయమ్మ.

రెండేండ్లకి మునికృష్ణ కొడుకు గిరి లారీ కింద పడి పొయినాడు. తిరుమలమ్మ నోరు తగిలిందని ఊరంతా ఒకటే మాట. ఆయమ్మ మా అంగడికి వచ్చింది. నాతో రాన్నా, ఒక్కదాన్నే పోలేను అనింది. పొయినాం. మునికృష్ణ ఆయమ్మని సూసి లేసి నిలబడి సేతులు జోడించినాడు, మళ్ళ తిట్టేకి వచ్చిందనుకొని. ఈయమ్మ పొయ్యి నేల మింద కూర్సునింది.

'ఆ పొద్దు అట్లా మాట అన్నాను. నన్ను మన్నించు మునికృష్ణా' అనింది. ఆయప్ప గోడకి ఆనుకొని జారిపొయినాడు. ఏడువు, ఏడ్సినా తప్పులేదు అని సెప్తా, ఆయప్ప కంటే ముందు ఆయమ్మే ఏడ్సింది.

లేదులే, ఆయప్ప కిరస్తానంలో కలవలే. పసరు నూరే రాయి మాత్రం బాయిలో ఏసినాడు. కామెర్లని ఎవురన్నా వస్తే, పొద్దు పోనీకుండా తానే బస్సెక్కించుకొని చిత్తూరుకి పిలుసుకోని పొయ్యేవాడు. సచ్చేదాకా అదే పని. అట్ల పిలుసుకోని పొయ్యి బతికించిన పిల్లోళ్ళలో మీ నాయన ఒకడు. మీ నాయన సెప్పలే? ఏం పాపా, అట్ల సూస్తావు... ఇదో, ఈ సెంబులో నీళ్ళుండాయి, తాగు.