ఖాలిదా గారి గురువారం పిరియడు

2001వ సంవత్సరం సెప్టెంబరు ఎనిమిదో తేదీ శనివారం ఉదయం, సౌదీ అరేబియాలోని హుఫూఫ్ నగరంలో ఉన్న మన భారతీయ పాఠశాలలో ప్రాథమిక తరగతుల హిందీ ఉపాధ్యాయినిగా శ్రీమతి షేక్ ఖాలిదా గారు బాధ్యతలు స్వీకరించారు. వారి స్వస్థలం ప్రొద్దుటూరు. భర్త కీర్తిశేషులు గౌస్ మొహిద్దీన్ గారు ఇక్కడి ఖర్జూరపు మండీలో లారీ డ్రైవరు. ఇరవై నాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ జూన్ మాసాంతంలో వారు విరమిస్తున్నది పదవికే గానీ పెదవికి కాదని, ఆ గంభీర కంఠస్వరాన్ని మూడో అంతస్తులో కూడా విన్న మనందరికీ తెలుసు.

పలక మీద అక్షరం నిలవని పిల్లలకు ఖర్జూరపు గింజలు పేర్చి వర్ణమాల నేర్పినవారు, వారి వర్ణమాలతో పాటు మన అల్పాహారాన్ని కూడా వృద్ధి చేసినవారు ఖాలిదా గారు. గింజలు పాఠానికైతే పండ్లు స్టాఫ్ రూముకు కదా! 2012లో భాషా విభాగాధిపతి అయ్యారు. 2018లో భర్తను పోగొట్టుకున్నారు. అందరూ స్వదేశం వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. ఆ తర్వాతనే వారి మనసులో ఒక కోరిక వేళ్లూనింది: ఈ దేశంలో మనవాళ్లు కలిపి కుట్టుకున్న భాషను మన బడిలో నేర్పాలని.

ఏమిటా భాష? తెలుగువాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, పఠాన్లు, వాళ్లకు పని చెప్పిన అరబ్బులు కలిసి యాభై ఏళ్లుగా మండీల్లో, గ్యారేజీల్లో అల్లుకున్నది. అరబ్బీ గుడ్డ, ఉర్దూ అతుకు, ఇంగ్లీషు గుండీ. అందులో క్రియకు కాలం లేదు; మాట్లాడేవాడికి తీరిక లేదు. మన ఊళ్లో మాఫీ అంటే వదిలేయడం, అందులో మాఫీ అంటే ‘లేదు’. ‘షుగల్ మాఫీ’ అనగానే ఈ పూటకు పని మాఫీ చేశారని మురిసిన కొత్తవాళ్లు, అసలు పనే లేదని తెలిసి మూర్ఛపోయిన సందర్భాలు కోకొల్లలు.

మన తల్లిదండ్రుల సమావేశాలు ఇంగ్లీషులో జరగడం ఆనవాయితీ. లారీలు తోలే తండ్రులు, తోటల్లో పనిచేసే తండ్రులు లోపలికి రారు. గేటు బయట టీ తాగుతూ, ప్రోగ్రెస్ కార్డు భార్యలు తెచ్చేదాకా నిలబడతారు. 2022 నవంబరు సమావేశంలో ఖాలిదా గారు తమ రిజిస్టరు చంకన పెట్టుకుని ఆ గేటు దగ్గరికే వెళ్లారు. ఏ పిల్లకు లెక్కలు రావో, ఏ పిల్లవాడికి కళ్లజోడు కావాలో అందరికీ ఆ భాషలోనే చెప్పారు. అన్నేళ్లలో ఒక్క ప్రశ్న అడగని తండ్రులు ఆ రోజు ముప్పావుగంట అడిగారట.

మర్నాడే వారు పాఠశాల కమిటీకి దరఖాస్తు పెట్టారు, ఆ భాష నేర్పడానికి: ఆరు, ఏడు తరగతులకు వారానికొక పిరియడు, బోధకులు ఆ తండ్రులే. అది భాష కాదు, భాషల అజీర్తి అని ఒకరన్నారు. పరీక్షలో అరబ్బీ మార్కులు పోతాయని మరొకరు భయపడ్డారు. ప్రిన్సిపాల్ రత్నరాజు గారి అభ్యంతరం మాత్రం వేరు.

“అమ్మా, ఆ భాషలో నాకు తెలిసినవన్నీ ఆజ్ఞలేనండీ. రా, పో, ఎత్తు, దించు. మా నాన్నగారు పాతికేళ్లు అవే విన్నారిక్కడ. మన పిల్లలు వాటిని వినకూడదనే కదండీ ఈ బడి పెట్టుకున్నది?”

ఖాలిదా గారు ఇలా చెప్పారు.

“నిజమే సార్, నేను కాదనను. మా ఆయన కడాకు ఆస్పత్రిలో ఉన్నెప్పుడు, ఆ వార్డులో ఆడోళ్లను ఉండనియ్యల్యా. పక్క మంచం బెంగాలీ ఆయన దినామూ ఒకే మాట చెప్తాండెనంట. ‘ఇంతా ఫికర్ మాఫీ, అనా ఫీ.’ నువ్వు దిగులుపడొద్దు, నేనుండాను అని. ఆజ్ఞలుండే భాషలోనే సార్, అది గూడా ఉండేది.”

రెండేళ్ల తర్వాత, ప్రయోగాత్మకంగా పన్నెండు గురువారాలు మంజూరయ్యాయి. మొదటి బోధకుడు నరసాపురం శామ్యూల్ గారు, మండీ డ్రైవరు, ఏడో తరగతి జాయ్సీ తండ్రి. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఏమీ రాయని బోర్డును రెండుసార్లు తుడిచి, తను కూర్చోవాలా నిలబడాలా అని అడిగారు. మీరు నిలబడండి, మేం కూర్చుంటామని చెప్పి ఖాలిదా గారు ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కున్నారు. పాఠం చివర జాయ్సీ లేచి, ఇంటి మీద బెంగను ఆ భాషలో ఏమంటారని అడిగింది.

“బెంగకి మాట లేదమ్మా,” అన్నారాయన. మళ్లీ తనే అందుకున్నారు. “‘గల్బ్ దాఖిల్ బిలాద్’ అనుకుంటాం మేం. గుండె లోపల దేశం అని.”

ఆఖరి బెంచీలో ఖాలిదా గారు ఆ మాటను తమ నోటుబుక్కులో రాసుకుని, పెన్ను మూత పెట్టడం మరచి అలాగే కూర్చున్నారు.

ఈ మే నెలలో కమిటీ నిర్ణయం వెలువడింది. గురువారం పిరియడుకు టైమ్ టేబుల్లో చోటు లేదు. కింద సంతకం రత్నరాజు గారిది. ఖాలిదా గారు చదివి, సరే సార్ అని, పన్నెండు పాఠాల ఆ నోటుబుక్కునైనా లైబ్రరీలో ఉంచమని కోరారు. రత్నరాజు గారు దాన్ని స్వయంగా తీసుకెళ్లి, తన చేత్తో నంబరు వేసి, ‘ఇతరములు’ అన్న అరలో కాదు, ‘భాషలు’ అన్న అరలో, అరబ్బీకి హిందీకి నడుమ పెట్టారు. “నా ఓటు మారలేదండీ,” అన్నారట, “అర మారింది, అంతే.” ఖాలిదా గారు ఆ అర ముందు చాలాసేపు నిలబడ్డారని లైబ్రేరియన్ సుజిత గారి కథనం.

ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, చేతిలో ఉన్నంతకాలం ఈ ఊరు ఇక మాదే అనుకుంటాం. శాశ్వతంగా వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయించుకున్న నాడు, ఇక మాది అనడానికి ఏదీ మిగలదు. ప్రొద్దుటూరులో వారికి సొంత ఇల్లుంది, అక్కచెల్లెళ్లున్నారు, మూడు భాషల్లో పలకరించే బంధుకోటి ఉంది. గౌస్ మొహిద్దీన్ గారు ఆఖరి దినాల్లో విన్న భాషలో పలకరించేవారు మాత్రం ఆ ఊళ్లో ఎవరూ లేరు. అటువంటి మనిషి ఒక్కరైనా, ఎడారి నుంచి తిరిగివచ్చిన ఏ తోటమాలి అయినా, ఏ బజారు మలుపులోనైనా వారికి తారసపడాలని, ఆ మనిషిని వెతుక్కోవడానికి కాళ్లలో సత్తువ, పోల్చుకోవడానికి కంటిచూపు, మనసారా మాట్లాడుకోవడానికి నిండు నూరేళ్ల ఆయుష్షు ఖాలిదా గారికి సమకూరాలని, బోధన, బోధనేతర సిబ్బంది, విద్యార్థులు, ఆ పన్నెండు గురువారాల పన్నెండుమంది తండ్రులు ముక్తకంఠంతో ఆకాంక్షిస్తున్నారు.