అడుగున్నర మట్టి

క్షమించమని ఇంకొక్కసారి అన్నారంటే మర్యాదగా ఉండదు సార్, చెప్తున్నా! కూర్చోండి ముందు. కుర్చీలో ఆ బట్టలు కింద పడెయ్యండి, ఫర్వాలేదు. సింకు వైపు చూడకండి. మూడు వారాల గిన్నెలు. అవును, నా ఇంట్లోనే. రాళ్ళ పెట్టెల్ని అద్దంలా ఉంచే మనిషి ఇంట్లో!

సొరంగం కూలి మా ఆయన పోయిన మూడోరోజు ఆఫీసు గేటు దగ్గర మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను కదా. "రాళ్ళ సారూ, నా మొగుణ్ణి మింగేశావు" అని. అంతమందిలో తలదించుకుని నిలబడ్డారు. ఒక్క మాట తిరిగి అనొచ్చుగా? అంత మంచితనం ఎవరికి పనికొస్తుంది సార్?

ఏంటీ? రేపు విచారణలో తప్పంతా మీదేనని సంతకం పెట్టేస్తారా?

ఆగండి. లేవకండి. నేను చెప్పేది వినండి.

ఆరేళ్ళు మీ షెడ్డులో పనిచేశాను. డ్రిల్లింగువాళ్ళు కొండలోంచి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో వస్తాయి, నేను కడిగి వరసలో పేరుస్తాను, మీరు చూసి సొరంగం ఎక్కడ జాగ్రత్తగా తవ్వాలో రాసిస్తారు. ఏమీ తెలియనిదాన్ని కూర్చోబెట్టి నేర్పించారు. టేబుల్ మీద గుడ్డని రెండు చేతులా తోసి, "రాయి కూడా ఇలాగే మడతలు పడుతుందమ్మా" అన్నారు. రాయేంటి, మడతేంటి అని నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, "అయితే ఇస్త్రీ చేసి పంపించు, తవ్వడం తేలికవుతుంది" అన్నాడు. సొరంగంలో అందరికంటే ముందు నిలబడి రాయిని తొలిచేది ఆయనే కదా. నేను ఏ కొండ రాళ్ళు కడిగేదాన్నో, ఆ కొండలోకే రోజూ వెళ్ళేవాడు.

ఇంకోటి కూడా చెప్పారు. కొండలో రెండు భాగాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగితే మధ్యలో రాయి నలిగి పిండైపోతుంది, దాన్ని షియర్ జోన్ అంటారు, సొరంగానికి అంతకంటే ప్రమాదం లేదు అని. మీరు చెప్పలేదని నేననను. కానీ పిండైన రాయి ఎలా ఉంటుందో నేనెప్పుడు చూశాను?

నలభై రెండో పెట్టె గుర్తుందా? పైవాళ్ళు చూడ్డానికొస్తున్నారని ఆ రోజంతా హడావిడి. మీరు కొండ మీద ఉన్నారు. మూత తీస్తే, గట్టి రాళ్ళ మధ్యలో అడుగున్నర పొడవున నాచురంగు బురద. డ్రిల్లింగువాళ్ళ మురికి అనుకున్నాను. "ఛీ, ఇలాగా పంపేది?" అని వాళ్ళని తిట్టుకున్నాను కూడా. పైపు పెట్టాను. రెండు నిమిషాలు సార్. మొత్తం కాలువలోకి పోయింది.

మధ్యలో ఖాళీ మిగిలింది. చూడ్డానికి బాగోలేదు. రాళ్ళని దగ్గరికి జరిపేసి, వరస చివర మిగిలిన ఖాళీలో చెక్కముక్క పెట్టాను. మీరొచ్చి, డ్రిల్లింగులో చివర కాస్త రాయి అరిగిపోయిందనుకుని అలాగే రాసుకున్నారు. మామూలేగా, ఎన్ని పెట్టెలు అలా రాలేదు! పైగా "ఎంత శుభ్రంగా ఉంచావమ్మా" అని మెచ్చుకున్నారు. ఆ మాట మా ఆయనకి నాలుగుసార్లు చెప్పుకున్నాను.

లేదు, అప్పుడు తెలియదు. ఒట్టు! గేటు దగ్గర తిట్టినప్పుడూ తెలియదు.

ఆస్పత్రివాళ్ళు ఆయన బట్టలు సంచిలో పెట్టి ఇచ్చారు. వారం దాకా ముట్టుకోలేకపోయాను. తర్వాత ధైర్యం చేసి చొక్కా సింకులో వేసి కుళాయి తిప్పాను. అదే రంగు సార్! నాచురంగు నీళ్ళు. వేళ్ళ మధ్య అదే జిగురు. గబుక్కున కుళాయి కట్టేశాను. ఆ సింకులో మళ్ళీ నీళ్ళు పడలేదు.

అలా చూస్తారేంటి? "తెలియక చేశావులే అమ్మా" అని మాత్రం అనకండి! తెలియకపోవడం పెట్టె కడిగిన రోజు. తెలిశాక కూడా మీ మీదకి తోసేసి మూడు వారాలు నోరు మూసుకున్నానే, దానికేమంటారు? అందరూ మిమ్మల్నే అంటుంటే విన్నాను. నేనూ వంతపాడాను. మిమ్మల్ని తిట్టుకున్నంతసేపూ ఆయన్ని నేను చంపినట్టు కాదు కదా సార్... అందుకు.

ఇదిగో సంచి. ఒక్క భుజమే తడిసింది. జేబు ముట్టుకోలేదు. తడిమి చూడండి, నిండా ఉంది. ఆ పెట్టెలో లేని మట్టి ఇదే. రేపు మీరు సంతకం గింతకం పెట్టకండి. దీన్ని వాళ్ళ టేబుల్ మీద పెడదాం. నేనూ వస్తాను. కడిగింది నేనేనని నేనే చెప్తాను.

మెల్లగా పట్టుకోండి, రాలిపోతుంది.

వాళ్ళ పనయ్యాక ఆ చొక్కా నాకు తిరిగి ఇప్పించండి సార్. ఉతకన్లెండి.