ఆ తొమ్మిది జంటలకూ చెప్పండి

అందరికీ నమస్కారం. కమలమ్మ గారూ, జయరామప్ప గారి బంధుమిత్రులారా, మా ఆసుపత్రి సహోద్యోగులారా, ఆయన చేతి మీదుగా బిడ్డలను పొందిన తల్లిదండ్రులారా! పని రోజైనా కె.ఆర్.పురంలోని ఈ చిన్న హాలుకు ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డారు. ఆయన చూసి ఉంటే మొహమాటంతో వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేవారు.

మీరు ఒకటి గమనించే ఉంటారు. ఫోటో ముందు దీపం ఉంది గానీ అగరుబత్తి లేదు. మల్లెపూల దండ లేదు, వాసన లేని కనకాంబరాలు ఉన్నాయి. ఎవరూ మరిచిపోలేదు. కమలమ్మ గారే వద్దన్నారు. "ఆయనకి వాసన పడదు మేడమ్. ఇంట్లోనే ఎప్పుడూ ముట్టించింది లేదు, ఇప్పుడెందుకు?" అన్నారు. పందొమ్మిదేళ్ళుగా ఆమె తలలో మల్లెపూలు పెట్టుకోలేదట. భర్త చొక్కాకు ఆ వాసన అంటి ల్యాబు దాకా వస్తుందని అప్పట్లో మానేశారు, మళ్ళీ పెట్టుకోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. జయరామప్ప గారు మా సంతాన సాఫల్య కేంద్రం ల్యాబులో పనిచేశారు. తల్లి నుంచి తీసిన అండాన్నీ తండ్రి కణాన్నీ చిన్న పళ్ళెంలో కలిపి, ఆ పిండాన్ని అయిదు రోజులు ఇన్‌క్యుబేటర్‌లో కాపాడడం ఆయన పని. నేను డాక్టర్ సంధ్యను, అక్కడి ప్రధాన వైద్యురాలిని. ఆయన కాపాడినవాటిని తీసుకెళ్ళి గర్భంలో పెట్టి, పేరు మాత్రం నేను తెచ్చుకున్నాను.

నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ చేరిన మొదటి రోజే ఆయన నన్ను ల్యాబు తలుపు దగ్గర ఆపేశారు. పిండాలకు ముక్కు లేదు, కానీ గాలిలో ఏ వాసన ఉన్నా, అత్తరైనా, రంగైనా, పొగైనా, వాటికి విషమే. నాకది పుస్తకాల్లో తెలుసు. ఆయనకు ముక్కుతో తెలుసు. "మీరు డాక్టరే మేడమ్, మీ తలనూనె డాక్టరు కాదు కదా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు తలంటుకుని వచ్చాను. ఇంకోసారి ఆసుపత్రి యజమాని వెంట సెంటు పూసుకుని వచ్చిన పెద్దమనిషిని కూడా అలాగే ఆపేశారు. "లోపల పిల్లోళ్ళు నిద్రపోతా ఉండారు సార్, కిటికీలోంచి చూసి పోండి" అన్నారు. ఆ పెద్దమనిషి కోసమైనా నియమం మారేది కాదు. ఎవరి కోసమూ మారేది కాదు.

మరి ఆ నియమాన్ని నేనెలా దాటాను?

మిత్రులారా, నేను ఈరోజు ఆయనను పొగడడానికి రాలేదు. పొగిడి దిగిపోతే నాకు హాయిగా ఉండేది. ఆ హాయి నాకు దక్కకూడదు.

ఆరేళ్ళ కిందట మేమొక పరిశోధన మొదలుపెట్టాం. తయారైన పిండాన్ని అదే నెలలో గర్భంలో పెట్టడం మంచిదా, గడ్డకట్టించి దాచి తర్వాతి నెలలో పెట్టడం మంచిదా అన్నది ప్రశ్న. నూట ఎనభై జంటలు నమ్మి సంతకాలు చేశారు. మధ్యలో ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆయుధపూజ అంటే మీకు చెప్పాలా? బస్సుకూ బైకుకూ కంప్యూటరుకూ కుంకుమ పెడతాం, గుమ్మడికాయ కొడతాం. ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. "కింద పార్కింగులో చేసుకోండి మేడమ్, బాగా చేసుకోండి. పండగ మనకి, వీటికి కాదు."

ఆ ఏడు వాన పడి పార్కింగులో నీళ్ళు నిలిచాయి. పూజ టెర్రస్ మీదికి మార్చమన్నది నేను. ఆయనను అడగలేదు. ల్యాబుకు రెండంతస్తుల పైన, పొగ ఆకాశంలోకి పోతుంది అనుకున్నాను. ల్యాబులోకి గాలి తీసుకునే గొట్టం మూతి టెర్రస్ మీదే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. ఆ హడావిడిలో పట్టించుకోలేదు. గాలికి ఆరిపోకుండా అడ్డం ఉంటుందని సాంబ్రాణి కుంపటిని సరిగ్గా దాని పక్కనే పెట్టించాను.

కాసేపటికి ఆయన ల్యాబు టోపీతోనే పరుగెత్తుకుంటూ పైకి వచ్చారు. మండుతున్న కుంపటిని ఉత్త చేతులతో ఎత్తి దూరంగా పెట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. కిందికి వెళ్ళి రోజువారీ పుస్తకంలో రాసుకున్నారు. "పదకొండు ఇరవై. లోపల సాంబ్రాణి వాసన. పైన పూజ."

ఆ వారం ఇన్‌క్యుబేటర్లలో తొమ్మిది జంటల పిండాలు ఉన్నాయి. ఒక్కటి కూడా అయిదో రోజుకు చేరలేదు.

ఆ తొమ్మిది మంది స్త్రీలను నా గదిలో కూర్చోబెట్టి నేనేం చెప్పాను? "మీ అండాల్లో బలం లేదమ్మా" అన్నాను. తొమ్మిది సార్లు అదే మాట, అదే మెత్తని గొంతు. తర్వాత పరిశోధనను పర్యవేక్షించే కమిటీ వచ్చి కారణం అడిగింది. జయరామప్ప గారు ఆ పుస్తకం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. తెరవలేదు. నేను తెరుస్తానని పెట్టారు. నేను దాని మీద చెయ్యి వేసి, "ల్యాబులో చేతి పొరపాటు జరిగి ఉండవచ్చు" అన్నాను.

ఆయన నా చేతి కింద నుంచి పుస్తకం తీసుకుని వెళ్ళిపోయారు. అంతే.

ల్యాబు నుంచి ఆయనను తీసి రిజిస్ట్రేషన్ కౌంటరులో కూర్చోబెట్టారు. అంత నిక్కచ్చి మనిషి టోకెన్లు ఇస్తూ కూర్చున్నారు. పరిశోధన పూర్తయింది, వ్యాసం అచ్చయింది, మహదేవపురలో పెద్ద హోటల్లో నాకు సన్మానం జరిగింది. వ్యాసంలో ఆయన పేరు లేదు. ఆ తొమ్మిది జంటల గురించి ఒక్క వాక్యం ఉంది, సాంకేతిక కారణాల వల్ల మినహాయించామని.

ఆ తర్వాత ఆయన నన్ను తన కోసం ఏమీ అడగలేదు. ఏటా ఆయుధపూజ మర్నాడు నా గది తలుపు దగ్గర నిలబడి ఒకటే అనేవారు. "ఆ తొమ్మిది జంటలకూ చెప్పండి మేడమ్. వాళ్ళ తప్పు కాదని చెప్పండి." నేను ఏటా "చెబుతాను" అన్నాను. కిందటి ఏడు కూడా అన్నాను. ఈ ఏడు అడగడానికి ఆయన లేరు. పోయిన మంగళవారం ఉదయం కౌంటరులోనే గుండె ఆగింది.

నిన్న నేను జిగణి వెళ్ళాను. రియాజ్, చాందిని అనే దంపతులు అక్కడ ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ తొమ్మిది జంటల్లో వాళ్ళదొకటి. వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టే పేర్లు చెబుతున్నాను. నా మాట నమ్మి చాందిని వైద్యం మానేసింది. లోపం తనదేనని ఆరేళ్ళు ఇంట్లో తల వంచుకుని బతికింది. ఇప్పుడు ఆమె వయసు నలభై రెండు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ సారు ఏటా ఆయుధపూజ రోజు ఫోన్ చేస్తా ఉండె. బాగుండారా అని అడిగి పెట్టేసేవాడు. ఎందుకు చేస్తాడో మాకు తెలీలేదు" అంది.

నాకూ అప్పటిదాకా తెలియదు. తొమ్మిది ఇళ్ళకూ ఆయన అలాగే ఫోన్ చేసేవారని నిన్న రాత్రి కమలమ్మ గారు చెప్పారు. నిజం చెప్పాల్సింది డాక్టరు కాబట్టి, తను మాత్రం క్షేమం అడిగి పెట్టేసేవారు. నా వాటా నాకే వదిలేశారు. నేను ఆరేళ్ళు దాన్ని ముట్టుకోలేదు.

ఈ ఉదయం ఆ పేజీ నకలుతో కమిటీకీ, వ్యాసం వేసిన పత్రికకూ ఉత్తరాలు పంపాను. మిగిలిన ఎనిమిది ఇళ్ళకూ నేనే వెళతాను. నన్నేం చేయాలో వాళ్ళు నిర్ణయిస్తారు. దీన్ని ధైర్యం అనకండి, దయచేసి చప్పట్లు కొట్టకండి. ఇది ఆయన బతికుండగా, ఆయన ఎదుట చేయాల్సిన పని. కమలమ్మ గారూ, మీ భర్త చేతిలో ఏ పొరపాటూ జరగలేదు. పొరపాటు నాది, అబద్ధమూ నాదే. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఫోటో పక్కన ఆ పేజీ నకలు ఉంది. చదవాలనుకున్నవాళ్ళు తర్వాత వచ్చి చదవండి.

జయరామప్ప గారు లోపలికి వెళ్ళేముందు చేతులు కడుక్కుని, తలుపు బయట రెండు నిమిషాలు ఊరికే నిలబడేవారు. బయటి నుంచి మోసుకొచ్చిన వాసన ఏదైనా ఉంటే పోనీ అని. నేను ఒక్కసారీ ఆయన పక్కన నిలబడలేదు. నాకెప్పుడూ తొందరే.

అందరూ లేవండి. ఆ రెండు నిమిషాలు ఆయన నిలబడినట్టే, మాట్లాడకుండా నిలబడదాం. చాందినీ, ఇంత దూరం వచ్చావు, నీకు లేవాలని లేకపోతే కూర్చునే ఉండమ్మా.