గాల్లో ఒక్క క్షణం

పాత ఫిల్ములు భద్రపరిచే ఆఫీసులో కొత్తగా చేరిన కుర్ర టెక్నీషియనూ, డెబ్భై దాటిన ఒక బాలే టీచరమ్మా ఒక చిన్న తెర ముందు కూర్చున్నారు. తెర మీద, మాటా పాటా లేని పాతకాలం ఫిల్ములో, ఒక రష్యన్ నర్తకి ఆడుతోంది.

"ఇదేంటి బాబూ, రైలు తప్పిపోతుందన్నట్టు ఎగురుతున్నారు!"

"అప్పట్లో అలాగే గబగబా ఆడేవారేమోనండీ. ఇది చూసి అందరూ నవ్వుతారు."

"తొందర ఆవిడది కాదు, నీ మిషనుది. ఎగిరిన మనిషి అంత జోరుగా కిందికి రాదు. వేగం తగ్గించు."

"ఎంత తగ్గించాలో ఫిల్ము డబ్బా మీద రాసి లేదండీ."

"నేను చెప్తాగా. ఇంకా... ఇంకొంచెం... ఆఁ, చాలు."

"అమ్మో! ఇందాకటి మనిషేనా?"

"మా గురువుగారు. మాకు నేర్పేనాటికే ముసలావిడ, కర్ర పట్టుకుని నడిచేవారు. ఆవిడ ఆడటం నేనెప్పుడూ చూళ్ళేదు."

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా! ఎలా ఉందండీ?"

"'గాల్లోకి లేచాక ఒక్క క్షణం అక్కడే ఆగండర్రా' అనేవారు. ముసలావిడ కోతలు కోస్తోందని చాటుకెళ్ళి నవ్వుకునేవాళ్ళం."

"నిజంగానే ఆగారు కదండీ!"

"ఆగారు. బాబూ, ఈ వేగం ఎక్కడైనా రాసిపెట్టు. నాతో నవ్వినవాళ్ళలో ఒకతి ఇంకా బతికే ఉంది. రేపు దాన్ని లాక్కొస్తాను."