చిట్టి సంచిలో షార్క్

ఆ టీ కొట్లో ఫ్యాను ఒక్కటే, దాని కింద కుర్చీ ఒక్కటే. కథ చెప్పేవాడు అబద్ధమాడుతూ దొరికిపోనంతవరకు ఆ కుర్చీ అతనిదే. దొరికాడా, లేచి ఎండ పడే బల్ల మీదికి పోవాలి. ఓడలో వంట చేసి రిటైరైన పెద్దాయన ఈ ఎండాకాలమంతా ఆ కుర్చీ దిగలేదు. ఇవాళా దిగే ఉద్దేశం లేదు.

"షార్క్ గొప్పదా, సంచి జంతువు గొప్పదా అంటే, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "ఓడ వంటగదిలో నాకో చిట్టి ఉండేది. కంగారూకి చెల్లెలి వరస. ఎలుకంత ఒళ్ళు, పొట్టకి సంచి. ఉల్లితొక్కలు తినేది. అంతే, అబద్ధమెందుకు?"

"ఇంతవరకు బాగానే ఉంది," అంది టీ కొట్టు అక్క.

"ఓరోజు వలలో షార్క్ పడింది. వెలుగన్నది ఎరగని సముద్రం అడుగునుంచి వచ్చిన రకం, దవడ సొరుగులా ముందుకి జారుతుంది. చిట్టి వెళ్ళి దాని ముక్కు వాసన చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మింగేసుంటుంది," అన్నాడు దర్జీ.

"మింగబోయింది! చిట్టి చచ్చినట్టు పడుకుంది. షార్క్ విసుక్కుని దవడ లోపలికి లాక్కుంటుంటే, ఇది లేచి ఒక్కో పన్నూ పీకి సంచిలో వేసుకుంది. పళ్ళు పోయి షార్క్‌కి ఏడుపొచ్చింది. తల్లి మనసు కదా, చిట్టి దాన్నీ సంచిలో పెట్టుకుంది, తోక మాత్రం బయట. ఓడ ఓ పక్కకి ఒరిగిపోయింది! కెప్టెన్ పరిగెత్తుకొచ్చి, 'నీ చిట్టిని కాస్త మధ్యలో కూర్చోబెట్టవయ్యా' అని బతిమాలాడు."

"ఆ సంచి కొలతలుంటే ఇలా పడెయ్యండి, కుట్టి అమ్ముకుంటా," అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. ఎండబల్ల మీద చెమట తుడుచుకుంటున్న పళ్ళ డాక్టరు కూడా నవ్వాడు.

కుర్చీ కదులుతున్నట్టనిపించింది పెద్దాయనకి. చటుక్కున జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"ఇదిగో, ఆ షార్క్ పన్ను!"

డాక్టరు పెట్టెలోంచి పన్ను తీసి వెలుతురుకి తిప్పి చూశాడు.

"బాబాయ్, సముద్రం అడుగున పళ్ళ డాక్టరు ఎవరండీ?"

"ఏం?"

"దీనికి సిమెంటు పెట్టుంది. పెట్టింది నేనే. నిలవలేదని మొన్న పీకిందీ నేనే."

ఆ డాక్టరుని కూడా ఓడెక్కిద్దామా అని పెద్దాయన ఓ క్షణం ఆలోచించాడు. లాభం లేదనిపించి, తువ్వాలుతో కుర్చీ దులిపి లేచాడు.

"కూర్చోరా అబ్బాయ్. పీకేటప్పుడు నేను కిక్కురుమనలేదని మాత్రం వీళ్ళకి చెప్పు."

"ఇక్కడిదాకా వినిపించింది," అంది అక్క.