బెర్లిన్ నుంచి వచ్చిన మదన్‌మోహన్ రికార్డు

జహీరాబాద్ బస్టాండు ఎదురుగా శాంతమ్మ చాయ్ హోటల్. పెండ్లి బరాతులకు డీజే బండి కిరాయికిచ్చే మదన్‌మోహన్ అక్కడ చాయ్ తాగుతుంటే, పక్క గల్లీ స్నిగ్ధ వచ్చి కూర్చుంది. తాత వదిలిపోయిన రికార్డు ప్లేయర్‌ను నెలరోజులు కష్టపడి బాగుచేసుకుంది. ఇప్పుడు దానిమీద ఒక్క డ్యాన్సు పాటల రికార్డు వేసి వినాలి. ఊళ్లో దొరకదు, పార్శిల్‌లో తెప్పించాలి. ఏ దుకాణాన్ని నమ్మాలో చెప్పమని అతన్ని అడిగింది.

"సరైన మనిషినే అడిగినవ్ బిడ్డా," అన్నాడు మదన్‌మోహన్. "పోయినేడు నేను మూడు దుకాణాలకు ఫోన్ కొట్టిన. ముందుగాల పాటలు అడగలే, ప్యాకింగు ఎట్ల జేస్తరని అడిగిన. బొంబాయి ఆయన పేపర్ల చుట్టి పంపుతనన్నడు. రామ్ రామ్ అని పెట్టేసిన. ఢిల్లీ ఆయన గట్టి అట్టపెట్టెల పంపుత, విరిగితే వాపస్ తీసుకుంటనన్నడు. మంచోడే, గని ఫోన్ల పాట వినిపియ్యలే. వినకుంట ఎట్ల కొంటం?"

"గదీ నిజమే," అంటూ స్నిగ్ధ ఫోన్లో రాసుకుంది. అది చూసి అతని గొంతు పెరిగింది.

"ఇగ మూడోది బెర్లిన్ దుకాణం. ఆ సేటు ఫోన్ల రికార్డు వేసిండు. నేనప్పుడు చిరాగ్‌పల్లి కాడ హైవే మీదున్న, స్పీకర్ ఆన్ జేసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? లారీలోళ్లు బండ్లాపి దిగిన్రు, ఒకటే ఎగురుడు! కర్ణాటక బార్డర్ దాంక జామ్. జామ్ తీస్తందుకు వచ్చిన పోలీసోళ్లు గూడ లాఠీలు పక్కకు వెట్టి ఎగిరిన్రు."

"గంత జామైతే నాకెందుకు తెల్వలే?" అంది శాంతమ్మ.

"ఆ దినం నువ్వు మీ చెల్లె ఊరికి పోయినవక్కా, జర వినరాదు! ఇగ ఆ రికార్డే పంపుమన్న. పార్శిలెక్కిన విమానం మన దిక్కు రాంగనే, పెట్టెల రికార్డు దానంతటదే తిరుగుడు షురూ జేసింది. రికార్డు తిరిగితే విమానం తిరగదా? ఝరాసంగం మీద గిర్రగిర్ర! కింద జొన్నచేన్లు తాళానికి ఊగినయ్. పైలటు కిటికీ తెరిచి, 'మదన్‌మోహన్ సాబ్, నీ పార్శిల్ నువ్వే పట్టుకో' అని ఇసిరిండు. ఒంటిచేత్తోని పట్టిన. ప్యాకింగంటే గది, కొస గూడ వంగలే!"

"మరి దేంట్ల వేసి విన్నవ్ మామా?"

"నా డీజే మిషన్ల సీడీ దోపే సందు లేదా? అండ్ల దోపిన. మొగుడంపల్లి దాంక వినవడ్డది!"

స్నిగ్ధ రాయడం ఆపింది. "మామా, ఆ రికార్డు అన్నం తినే పళ్లెమంత ఉంటది. సీడీ సందుల ఎట్ల వట్టింది?"

శాంతమ్మ చాయ్ వడపోయడం ఆపి పడిపడి నవ్వింది. మదన్‌మోహన్ ఖాళీ గ్లాసులోకి చూశాడు. మెల్లగా అడిగాడు.

"పళ్లెమంతనా? మరి దానిమీద సూది నడుస్తదంటరు, గీతలు పడవా?"

"ఆ గీతలల్లనే పాట ఉంటది మామా."

"గీతలల్ల పాటనా!" అతను తన బల్లను ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు.

"ఢిల్లీ దుకాణమన్న నిజంగ ఉన్నదా?" అంది స్నిగ్ధ.

"ఉన్నది బిడ్డా, ఫోన్ జేసింది నిజమే. ఏసుకునేటందుకు నాకాడ ప్లేయర్ లేదు గద, అందుకే కొనలే." ఫోన్ తీసి నంబరు వెతికి ఆమెకు చూపించాడు. "నీది వచ్చినంక పెట్టె విప్పేటప్పుడు జర నన్ను పిలుస్తవా?"